తెలుఁగు బైబిలునందలి "సిరి", "ధనాపేక్ష": నల్లగొండ, పాలమూరు మండలముల దృష్టితో నొక విమర్శ

ఒక భాషయందలి గ్రంథము వేఱొక భాషలోనికి వచ్చునపుడు పదములు మాత్రమే మాఱవు. ఆ పదములను వినువారి బ్రదుకులును అర్థమునందుఁ బాలుగొనును. అనువాదకుఁడు నిఘంటువును జూచి పదము నెన్నుకొనును. వినువాఁడు తన పొలమును, తన యప్పుచీటిని, తన యజమానుని దలఁచుకొని యా పదమున కర్థము చెప్పుకొనును. ఈ రెండర్థములు నొక్కటియైనచో ననువాదము సఫలము. ఎడమైనచో నెంత పాండిత్యమున్నను గొఱంతయే. క్రైస్తవధర్మమునందు ధనాసక్తినిగూర్చిన బోధ ప్రధానమైనది. ఆ బోధ తెలుఁగున నే పదములతో వచ్చినదో, ఆ పదములు కృష్ణకు నుత్తరమునఁ గల మెట్టసీమలలో నే యర్థము నిచ్చినవో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

తెలుఁగు బైబిలు చరిత్ర 18వ శతాబ్ది ప్రథమార్ధమున నారంభమైనది. బెంజమిన్ షుల్జ్ క్రొత్తనిబంధనమును దెనిఁగించెను గాని యది ముద్రణమునకు రాలేదు. పిదప విశాఖపట్టణమున లండన్ మిషనువారు పని సాగింపఁగా, మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చుపడెను. 19వ శతాబ్ది మధ్యమున జాన్ హే, వార్డ్‌లా మున్నగువారు సంపూర్ణానువాదమునకుఁ బాటుపడిరి. అనంతరము పలు సంస్కరణములు జరిగి, నేఁడు సంఘములలోఁ జదువఁబడు పాఠ మేర్పడినది. ఈ కృషియంతయుఁ బ్రధానముగా సముద్రతీరమందలి సర్కారు జిల్లాలలోను, చెన్నపురిలోను జరిగినది. ఆ పాఠము నిజాము రాజ్యములోనికి వచ్చుట తరువాతి కథ. అమెరికను బాప్టిస్టు మిషనువారు 1885లోఁ బాలమూరున స్థిరపడిరి. 1890 ప్రాంతమున రష్యాదేశీయుఁడగు అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలోఁ బని ప్రారంభించెను. 1899 నుండి అమెరికను మెన్నొనైటు బ్రదరన్‌వారు వేఱుగా వచ్చి, నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి మొదలగు తావులలోఁ గేంద్రము లేర్పఱచిరి. వారి బోధను స్వీకరించినవారిలోఁ బెక్కండ్రు మాదిగ, మాల పల్లెలవారు, భూమిలేనివారు, అప్పున మునిఁగినవారు. ధనమును ప్రేమింపవలదని చెప్పు గ్రంథము ధన మెన్నఁడును జేతఁ జిక్కనివారి చెవిఁబడినది. విమర్శకుఁడు మొట్టమొదట గుర్తింపవలసిన విశేష మిది.

క్రొత్తనిబంధనమున "మమోనా" యను నరమాయిక్ పదము నాలుగుమాఱులు గలదు. మత్తయి సువార్తయం దొకమాఱు, లూకా పదునాఱవ యధ్యాయమున మూఁడుమాఱులు. దీనికి ధనమని సామాన్యార్థము. మనుష్యుఁడు దేనిని నమ్ముకొనునో యదియే మమోనా యని వ్యుత్పత్తి చెప్పువారు పెక్కండ్రు. గ్రీకు రచయిత లా పదమును మార్పక యట్లే యుంచిరి. 1611 నాఁటి యాంగ్లపాఠమువారును అట్లే చేసిరి. అందువలన నా భాషలలో నది యేదో యన్యదేశపు దయ్యము పేరువలె వినఁబడును. తెలుఁగువారు మాత్ర మీ పదమును "సిరి" యని తమ యింటిమాటలోనికిఁ దెచ్చిరి.

ఈ యెంపిక యందలి యౌచిత్యము సామాన్యము గాదు. సిరి సంస్కృతమందలి శ్రీశబ్దమునకు వికృతి. అది ధనమునకును బేరు, ధనాధిదేవతకును బేరు. మూలమున ధనవాచకమైన పదము దేవునితో సరితూఁగ నిలుచు నొక ప్రభువువలెఁ జెప్పఁబడినది. తెలుఁగున నా రూపకమును గొత్తగాఁ గల్పింపఁ బనిలేదు. పదమునందే యది నిద్రించుచున్నది. "ధనము" అని వ్రాసియుండినచో నర్థము వచ్చును గాని ప్రభుత్వము రాదు. "లక్ష్మి" అని వ్రాసియుండినచోఁ బరమతదూషణ మగును గాని ధనవిమర్శ కాదు. "సిరి" యీ రెంటినడుమఁ జక్కఁగా నిలిచినది.

అయినను నిచట నొక చిక్కు గలదు. తెలుఁగువానికి సిరి మంగళవాచకము. సిరిగల యిల్లు, సిరిసంపదలు అను మాటలలోఁ గళంకము లేదు. వచ్చు సిరికి మోకా లడ్డుట మూర్ఖతయని సామెత. మెట్టరైతునకు సిరి యనఁగా జొన్నకంకి నిండుట, చెఱువు మత్తడి పాఱుట, కొట్టమునఁ బసులు నిలుచుట. నల్లగొండ, పాలమూరు సీమలలో వాన తక్కువ. ఆముదము, జొన్న, సజ్జ పండు నేలలు పెక్కు. అట్టిచోట సిరి పాపమని విన్న రైతు, పంట పాపమా యని యడుగుట సహజము. ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నఁ దెలుఁగు సాహిత్యము సిరినిగూర్చి యేమని దోషము చెప్పినదో ముందుగాఁ జూడవలెను.

మన కవులు సిరిని నిందింపకపోలేదు. కాని వారి నిందకుఁ బ్రధానకారణము చాంచల్యము. సుమతీశతకకారుఁడు దాని రాకకు నారికేళమందలి నీటిని, పోకకు గజము మ్రింగిన వెలఁగపండును బోల్చెను. వచ్చుట తెలియదు, పోవుట తెలియదని తాత్పర్యము. పాలమూరు సీమయందలి జటప్రోలు సంస్థానమున సురభి మల్లభూపాలుని యాశ్రయించిన యేలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను మల్లభూపాలీయమను పేరఁ దెనిఁగించెను. భర్తృహరి మతమున ధనమునకు మూఁడే గతులు: దానము, భోగము, నాశము. మొదటి రెండును లేనివాని ధనము మూఁడవదానిఁ బొందును. ఇది రాజసభకుఁ దగిన నీతి. ధన మెవనిచేత నున్నదో వానికిఁ జెప్పిన హితవు. ధనము పోవునను భయమును, పోకముందే సద్వినియోగము చేయుమను ప్రోత్సాహమును దీనికిఁ బ్రాణములు.

సువార్తయందలి విమర్శ వేఱు మార్గమునఁ బోవును. చిమ్మెట, త్రుప్పు, దొంగలను బేర్కొని ధన మశాశ్వతమని చెప్పుటవఱకు నది భర్తృహరితో నేకీభవించును. కాని యంతటితో నిలువదు. ధనము పోవుటకంటె నది పోక నిలిచి యేలుట యధికాపాయమని దాని సిద్ధాంతము. నిధి యున్నచోటికి హృదయము పోవును. హృదయము పోయినచోట దాస్య మారంభమగును. చాంచల్యదోషమునకు మందు దానము. దాస్యదోషమునకు మందు విడుదల. ఒకఁడు ధారాళముగా దానము చేయుచునే ధనమునకు దాసుఁడై యుండవచ్చును. కీర్తికొఱకుఁ జేయు దాన మట్టిదే. కావున నీ రెండు దృష్టులకును గల భేదము మతభేదమాత్రము గాదు, రోగనిర్ణయభేదము.

ఇద్దఱు యజమానులకు దాసుఁడై యుండుట యెవ్వనికిని సాధ్యము కాదను మాట పండితునికి నీతివాక్యము. నల్లగొండ పాలేరునకుఁ బ్రత్యక్షానుభవము. నిజాము రాజ్యమున భాగేలా యను పద్ధతి యుండెడిది. పెండ్లికో, తిండికో కొంతసొమ్ము అప్పుగాఁ గొన్నవాఁడు, అది తీఱువఱకు ఋణదాత పొలమునఁ బనిచేయవలెను. వడ్డి పెరుగును, కూలి తరుగును, అప్పు తండ్రినుండి కొడుకునకు దిగును. ఇట్టి యొప్పందముల నదుపునందుంచుటకై 1936లో నిజాము ప్రభుత్వము శాసనము చేయవలసి వచ్చెను. వానకాలమున గింజ లప్పిచ్చి, కళ్లమునొద్ద నధికముగాఁ గొలిపించుకొను నాగు పద్ధతి దీనికిఁ దోడు. ఇట్టి సీమలో "దాసుఁడు" అను పదము భక్తకవుల దాసశబ్దమువలె వినయసూచకముగాదు. ఒక దొరకు జీతముండినవాఁడు వేఱొక దొర చేని కడుగుపెట్టఁజాలఁడు. సువార్తవాక్యమునకు నిఘంటువులలో దొరకని వ్యాఖ్య యిచటఁ బ్రతి గ్రామమునను గానవచ్చుచుండెను.

అయితే యీ యన్వయమున నొక వింత గలదు. గ్రంథము ధనమునకు దాసుఁడని చెప్పినది ధనికుని; మెట్టసీమలో దాసుఁడుగాఁ గన్పట్టినది బీదవాఁడు. అప్పు వ్రాయించుకొన్నవాఁడు స్వతంత్రుఁడు, వ్రాసియిచ్చినవాఁడు బానిస యని లోకము తలఁచును. సువార్త దానిని దలక్రిందులు చేయును. అప్పిచ్చినవాఁడు రాత్రియుఁ బగలును లెక్కలకుఁ గట్టుబడి, పొరుగువాని కరవును దన లాభముగాఁ జూడ నలవడి, తుదకు మనుష్యుని మనుష్యుఁడుగాఁ జూడనేరని స్థితికి వచ్చును. భాగేలావాని శరీరము కట్టుబడినది. దొర యాత్మ కట్టుబడినది. ధనాసక్తివలన నాత్మకుఁ గలుగు హాని యనఁగా నిదియే. అది మరణానంతరమున వచ్చు దండనకంటె ముందుగా నిహమందే జరుగు నొక క్షయము.

ఇఁక "ధనాపేక్ష" యను రెండవ పదమును బరీక్షింపవలెను. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో సకలదుష్కృతములకు వేరుగాఁ జెప్పఁబడినది గ్రీకున "ఫిలార్గురియా". వెండిపైఁ బ్రేమయని దాని యక్షరార్థము. కొలస్సయుల పత్రికలో విగ్రహారాధనతో సమముగాఁ జెప్పఁబడినది వేఱొక పదము, "ప్లియొనెక్సియా". తనకుఁ దగినదానికంటె నధికము కావలెనను దాహము దాని యర్థము. ఈ రెంటిని దెలుఁగువారు "ధనాపేక్ష" యనియే యనువదించిరి. లూకాయందు రెండవ పదమునకే "లోభము" అని వాడిరి. భిన్నపదముల కేకపదమును, ఏకపదమునకు భిన్నపదములను వాడుటచేత మూలమందలి సూక్ష్మభేదము మఱుగుపడినది.

అంతకంటె ముఖ్యమైన యాక్షేప మింకొకటి గలదు. అపేక్ష యనఁగాఁ గోరిక. అప్పు తీర్చుకొనుటకై నాలుగు రూపాయలు గోరు కూలివాఁడును ధనాపేక్ష గలవాఁడే. వందల యెకరములుండియు మఱొక చెలక కావలెనను దేశముఖును ధనాపేక్ష గలవాఁడే. పద మిరువురను నొక్కగాటఁ గట్టును. మూలము కట్టలేదు. కూలివాఁడు వెండిని ప్రేమింపలేదు, విడుదలను గోరినాఁడు. ఈ భేదమును గుర్తింపని బోధకుఁడు బీదవానితో, నీవు ధనమును గోరుట పాపము, ఉన్నదానితోఁ దృప్తినొందుమని చెప్పి, తెలియకయే ఋణదాతకుఁ దోడ్పడును. ఒక పదమందలి యవ్యాప్త్యతివ్యాప్తులు పాఠశాలలోఁ దర్కదోషములు మాత్రమే. ప్రసంగవేదికమీఁద నవి యన్యాయములు.

అనువాదకుల పక్షమునఁ జెప్పఁదగిన సమాధాన మొకటి గలదు. తెలుఁగువాడుకలో నపేక్షకుఁ బ్రీతి, మమకారము అను నర్థము గూడఁ గలదు. బిడ్డపై నపేక్ష, చెల్లెలిపై నపేక్ష యనునపుడు కోరిక యను నర్థము లేదు. ఆ యర్థమునఁ జూచినచో "ధనాపేక్ష" గ్రీకుపదమునకు దర్పణమువంటిది. బిడ్డకుఁ జూపవలసిన మమతను వెండికిఁ జూపుట యని చక్కని భావ మిచ్చును. అనువాదకు లీ యర్థమునే యుద్దేశించి యుండవచ్చును. కాని సమాసమునఁ దత్సమముతోఁ గూడఁగానే యపేక్షకుఁ గోరిక యను శాస్త్రార్థమే బలపడి, యింటియర్థము వెనుకఁబడును. కావునఁ బదము తప్పుగాదు; అస్పష్టము. "ధనవ్యామోహము" అనియో "ధనప్రీతి" యనియో యున్నచో వినువాని కిట్టి సందేహము కలుగకుండెడిది.

"సిరి" విషయమునఁ బైనఁ జెప్పిన చిక్కునకు సమాధానము లూకా పదునాఱవ యధ్యాయమున దొరకును. అచట సిరికి "అన్యాయపు" అను విశేషణము చేర్పఁబడినది. ఆ యధ్యాయమందలి కథ యొక గృహనిర్వాహకునిది. యజమానుఁడు తన్నుఁ బనినుండి తొలఁగింపనున్నాఁడని యెఱిఁగి, వాఁడు ఋణస్థులను బిలిచి వారి యప్పులను దగ్గించి వ్రాయించును. తెలుఁగుపాఠమున నూనె మణుఁగులతోను, గోధుమలు తూములతోను గొలువఁబడినవి. పత్రము "చీటి" యయినది. ఈ మూఁడు పదములతోఁ బాలస్తీనమందలి కథ తెలంగాణపు కళ్లములోనికి వచ్చి కూర్చున్నది. వ్యాఖ్యాతలకు నిది మిక్కిలి క్లిష్టమైన కథ. మోసగాని నేల మెచ్చుకొనవలెనని వారి శంక. నాగుధాన్యము కొలిచిన రైతున కా శంకకంటె ముందుగాఁ దోఁచున దొకటే: చీటిమీఁది యంకె తగ్గినది. సిరి యన్యాయముగాఁ గూడినప్పుడు దానితోఁ జేయఁదగిన న్యాయమైన పని యప్పు తగ్గించుట యని వాఁడు గ్రహించును. పంట పాపమా యను ప్రశ్న కిదియే యుత్తరము. కంకిలోని సిరి పాపము గాదు; చీటిలోని సిరిని విచారింపవలెను.

ధనవిషయమున మిషనులు తాము నిష్కళంకముగా నుండఁగలిగినవా యని యడుగుట న్యాయము. బీదసీమకు విదేశధనముతో వచ్చిన సంస్థలకుఁ దిండికొఱకు మతము పుచ్చుకొను భయ మెప్పుడు నుండెను. 1876–78 నాఁటి మహాక్షామమున ఒంగోలులో జాన్ క్లౌ బకింగుహాము కాలువపని గుత్తకుఁ దీసికొని వేలమందికిఁ గూలి చూపెను. ఆ కాలమున నేఁడాదికిఁ బైగా బాప్తిస్మము లీయక నిలిపివైచెను. సహాయము ముగిసిన పిదపనే 1878 జూలై 3వ తేదీ నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను బలువురు కొనియాడుదురు; దానికంటె నా నిలుపుదల గణనీయము. ధనము విశ్వాసమును గొనఁగలదని యెఱిఁగినవాఁడు చేసిన పని యది. పాలమూరు, నల్లగొండ కేంద్రములు ఆ యొంగోలు పరంపరలోనివే.

నేఁ డా భయము వేఱు రూపమున వచ్చినది. విశ్వాసమునకు ఫలము సిరియే యనియు, ఇచ్చిన కానుకకు నూఱంతలు తిరిగి వచ్చుననియు బోధించువారు ప్రపంచమంతటను గలరు. తెలుఁగు దేశమునను గలరు. ఈ బోధలో దేవుఁడును సిరియు నిరువురు ప్రభువులు గారు. దేవుఁడు సిరి నిచ్చు నధికారిగా దిగిపోవును, సిరి నిజమైన ప్రభువగును. కానుక యప్పుగా మాఱును, దేవుఁడు ఋణస్థుఁడగును, నూఱంతల వడ్డి లెక్కకు వచ్చును. నాగు పద్ధతిలో నలిగిన సీమవారి మనుమలకే యిట్టి లెక్కను దేవునిపేర నేర్పుట చూడఁ దగనిది. అయినను బీదవాఁ డా బోధను వినుటకుఁ గారణము ధనవ్యామోహ మని తొందరపడి నిందింపరాదు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలనచట్టము వచ్చిన పిదపఁ గూడఁ బాలమూరు కూలీలు మేస్త్రీలయొద్ద ముందుసొమ్ము తీసికొని దూరదేశముల యానకట్టలపనులకుఁ బోయిరి. విడుదలను గోరువాని యాకలిని సిరిపై భక్తిగా మార్చుటయే యా బోధయందలి ప్రధానదోషము.

తుదకు విడుదల యెట్టిదను ప్రశ్న మిగులును. లూకా పందొమ్మిదవ యధ్యాయమందలి జక్కయ్యను దెలుఁగుపాఠము సుంకపు "గుత్తదారుఁడు" అన్నది. కల్లుగుత్తల నెఱిఁగిన తెలంగాణమున నీ పదమునకు వ్యాఖ్య యక్కఱలేదు. జక్కయ్య తన యాస్తిలో సగము బీదల కిచ్చెదననెను. అంతటితో నూరకుండక, యన్యాయముగాఁ గొన్నదానిని నాలుగురెట్లు తిరిగి యిచ్చెదననెను. మొదటిది దానము, రెండవది దానము గాదు, తిరుగఁజెల్లింపు. భర్తృహరి చెప్పిన మూఁడు గతులలో దీనికిఁ జోటు లేదు. దానమున దాత పెద్దవాఁడు; తిరుగఁజెల్లింపున దాత లేఁడు, ఋణము దీర్చుకొనువాఁడు మాత్రమే యున్నాఁడు. ధనికుఁడే ఋణస్థుఁడని తెలిసికొన్న క్షణమున దాస్యము తెగును.

నల్లగొండ సీమ చరిత్రయే యీ భేదమునకు సాక్ష్యము. 1946–51 నడుమ జరిగిన సాయుధపోరాటమున నప్పుపత్రములు తగులఁబెట్టఁబడెను, దొరల భూములు పంచఁబడెను, రక్తమును జిందెను. 1951 ఏప్రిల్ 18వ తేదీన నా జిల్లాయందలి పోచంపల్లికి వినోబా భావే వచ్చెను. హరిజనులు 80 ఎకరములు గోరఁగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరము లిచ్చెను. భూదానోద్యమ మట్లు పుట్టినది. వినోబా దానమునకు శంకరుని వ్యాఖ్య ననుసరించి "సంవిభాగము", అనఁగాఁ జక్కఁగాఁ బంచుట, యని యర్థము చెప్పెడివాఁడు. దాత పెద్దతనమును దానమునుండి తొలఁగించుటయే యా వ్యాఖ్య ప్రయోజనము. ఆ భూదానమున నిచ్చిన భూములలోఁ బంటకుఁ బనికిరానివియుఁ గలవనియు, పంచఁబడక నిలిచినవియుఁ గలవనియుఁ జరిత్ర చెప్పుచున్నది. పదము సంస్కరింపఁబడినంత మాత్రమున మనస్సు సంస్కరింపఁబడదు. అయినను సంస్కృతవ్యాఖ్యయు సువార్తకథయు నొకేచోటి కెట్లు చేరినవో విజ్ఞులు గమనింపఁదగును.

కావునఁ దెలుఁగు బైబిలు ననువాదకులు "సిరి" యను పదమును గ్రహించుట యౌచిత్యసంపన్నము. పదము మంగళకరమైనదగుటచేతనే విమర్శకు బలము గలిగినది, ఏలయన మనుష్యుఁడు దయ్యమునకంటె వరమునకే సులభముగా దాసుఁడగును. "ధనాపేక్ష" మాత్రము సంస్కరణ మపేక్షించుచున్నది. దాని నట్లే యుంచినచోఁ జదువువాఁడు బీదవాని కోరికను, ధనికుని వ్యామోహమును వేఱుపఱచి చెప్పవలసిన భారము వహింపవలెను. మెట్టసీమల సంఘములలో నా పత్రికను జదువు బోధకుఁడు, ఎదుటఁ గూర్చున్నవారిలో నెవఁడు చీటి వ్రాసియిచ్చినవాఁడో, యెవఁడు వ్రాయించుకొన్నవాఁడో యెఱిఁగి చదివినచో, పాఠమందలి కొఱంత చాలవఱకుఁ దీఱును.